సావిత్రీబాయి ఫూలే: పెళ్లినాటికి అక్షరం రాదు.. ఎనిమిదేళ్లకే టీచర్! ఆ మధ్యలో ఏం జరిగింది?

ఆమె బడికి బయల్దేరితే వీధిలో జనం కాపు కాసేవారు. పేడ విసిరేవారు, మట్టిగడ్డలు రువ్వేవారు. బడికి చేరేసరికి చీరంతా పాడైపోయేది. అందుకే సంచిలో ఇంకో చీర పెట్టుకుని వెళ్లేవారట. బడిలో చీర మార్చుకుని పాఠం చెప్పి, సాయంత్రం మళ్లీ ఆ పాడైన చీరే కట్టుకుని ఇంటికి వచ్చేవారట.

సావిత్రీబాయి ఫూలే పేరు చెప్పగానే చాలామందికి గుర్తొచ్చేది ఈ సంగతే. అయితే ఆ రెండో చీర వెనకాల ఇంకో కథ ఉంది. పెళ్లినాటికి ఆమెకు చదవడం, రాయడం రాదు. ఆడపిల్ల అక్షరం నేర్చుకుంటే ఇంటికి అరిష్టం అని నమ్మే రోజులవి. అలాంటి కాలంలో ఆమె టీచర్ ఎలా అయ్యారు? ఎవరు నేర్పారు? ఎక్కడ ట్రైనింగ్ తీసుకున్నారు? అంత అవమానం తట్టుకునే బలం ఎక్కడి నుంచి వచ్చింది?

నాయ్‌గావ్ నుంచి పుణెకి..

మహారాష్ట్రలోని సతారా జిల్లా నాయ్‌గావ్‌లో 1831 జనవరి 3న సావిత్రీబాయి పుట్టారు. తండ్రి ఖండోజీ నేవసే పాటిల్, తల్లి లక్ష్మీబాయి. మాలీ కులానికి చెందిన కుటుంబం. ఊళ్లో పేరున్న ఇల్లే అయినా ఆడపిల్లకు చదువు అనే మాటే అక్కడ లేదు.

చిన్నప్పుడు శిర్వళ్ సంతలో మిషనరీలు ఆమెకు ఒక పుస్తకం ఇచ్చారని చెబుతుంటారు. అందులో ఏముందో చదవడం రాదు. అయినా పారేయకుండా దాచుకుని, అత్తారింటికి వెళ్లేటప్పుడు వెంట తీసుకెళ్లారట.

1840లో పెళ్లయింది. అప్పటికి ఆమెకు 9 ఏళ్లు, వరుడు జోతీరావు ఫూలేకి 13 ఏళ్లు. వాళ్ల కుటుంబం పుణెలో పూల వ్యాపారం చేసేది. ఫూలే అనే ఇంటిపేరు అలాగే వచ్చింది. జోతీరావుకి చదువంటే ప్రాణం. మధ్యలో ఒకసారి బడి మాన్పించినా మళ్లీ చేరి, పుణెలోని స్కాటిష్ మిషన్ స్కూల్లో ఇంగ్లిష్ చదువు పూర్తి చేశారు.

మొదటి బడి.. సొంత ఇల్లే

సావిత్రీబాయికి తొలి గురువు భర్తే. ఇంటి పనులు, పొలం పనులు అయ్యాక జోతీరావు ఆమెకు అక్షరాలు దిద్దించారు. ఒక్క ఆమెకే కాదు, జోతీరావుని తల్లిలా పెంచిన బంధువు సగుణాబాయి కూడా ఆమె పక్కనే కూర్చుని చదువు నేర్చుకున్నారు. తల్లి వరసయ్యే ఆవిడ, కోడలి వరసయ్యే పిల్ల.. ఇద్దరూ ఒకే క్లాసు!

కొంతకాలానికి ఇంటి పాఠం సరిపోలేదు. జోతీరావు స్నేహితులు సఖారామ్ యశ్వంత్ పరాంజపే, కేశవ్ శివరామ్ భవాళ్కర్ ఆమె పైచదువు బాధ్యత తీసుకున్నారు. ఇద్దరూ బ్రాహ్మణులే. ఆ రోజుల్లో ఒక మాలీ కోడలికి బ్రాహ్మణ యువకులు చదువు చెప్పడం చిన్న విషయం కాదు. అటు వాళ్లకీ మాటలు పడేవి, ఇటు వీళ్లకీ పడేవి.

అయితే తాను చదువుకోవడం వేరు, నలుగురికి చెప్పడం వేరు. ఆడపిల్లల్ని బడికి పంపడానికి ఎవరైనా ఒప్పుకున్నా, అక్కడ మగ పంతులు ఉంటే మళ్లీ వెనక్కి తగ్గేవారు. ఆడపిల్లల బడికి ఆడ టీచర్ కావాలి. పుణెలో అలాంటి మనిషి ఎక్కడుంది? లేదు కాబట్టి తయారు చేసుకోవాలి. సావిత్రీబాయి ట్రైనింగ్ కథ అక్కడే మొదలైంది.

అహ్మద్‌నగర్‌లో ఏం చూశారు?

పుణెకి దాదాపు 120 కిలోమీటర్ల దూరంలో అహ్మద్‌నగర్ ఉంది. ఇప్పుడు ఆ ఊరి పేరు అహిల్యానగర్. అప్పటికి దేశంలో రైలు లేదు. మొదటి ప్యాసింజర్ రైలు బొంబాయి నుంచి ఠాణేకి నడిచింది 1853లో. కాబట్టి అహ్మద్‌నగర్ వెళ్లడమంటే రోజుల ప్రయాణం.

అక్కడ సింథియా ఫరార్ అనే అమెరికన్ మహిళ ఆడపిల్లల బడులు నడిపేవారు. ఈమె కథ కూడా ఆసక్తిగానే ఉంటుంది. పెళ్లి కాని ఒక మహిళ ఒంటరిగా, టీచర్ ఉద్యోగం కోసం సముద్రాలు దాటి రావడం అప్పట్లో అమెరికాలోనే వింత. 1827లో బొంబాయిలో దిగిన ఆమె, 1839 నుంచి అహ్మద్‌నగర్‌లో ఉన్నారు. 1862లో అక్కడే కన్నుమూశారు. అంటే మూడు దశాబ్దాలకు పైగా ఈ దేశపు ఆడపిల్లలకు చదువు చెప్పారు.

జోతీరావు 1848లో తన స్నేహితుడు సదాశివ్ బల్లాళ్ గోవండేతో కలిసి ఫరార్ బడిని చూశారు. అక్కడ ఆడపిల్లలకు పద్ధతిగా పాఠాలు చెబుతుంటే ఆయనకు ముచ్చటేసింది. వెంటనే బాధ కూడా కలిగింది. పరాయి దేశం నుంచి వచ్చినవాళ్లు చేస్తున్న పని, మన పిల్లల కోసం మనం ఎందుకు చేయలేకపోతున్నాం అన్నదే ఆ బాధ.

సావిత్రీబాయి టీచర్ ట్రైనింగ్ తీసుకున్నది రెండు చోట్ల. ఒకటి అహ్మద్‌నగర్‌లో ఫరార్ నడిపిన సంస్థ. రెండోది పుణెలో మిసెస్ మిచెల్ నడిపిన నార్మల్ స్కూల్. నార్మల్ స్కూల్ అంటే ఇప్పటి డీఎడ్ కాలేజీ లాంటిది. పాఠం నేర్చుకోవడం ఒక్కటే కాదు, పాఠం ఎలా చెప్పాలో నేర్పే చోటు.

అక్కడ ఆమెకు దక్కింది పాఠాలు చెప్పే పద్ధతి ఒక్కటే కాదు. అప్పటిదాకా ఆమెకు చదువు చెప్పినవాళ్లంతా మగవాళ్లే. భర్త, భర్త స్నేహితులు. ఒక మహిళ టీచర్‌గా నిలబడి బడి నడపడం, అదే జీవితంగా పెట్టుకుని బతకడం ఆమె కళ్లారా చూసింది ట్రైనింగ్‌లోనే. పుస్తకంలో వంద సార్లు చదివినా రాని ధైర్యం, ఎదురుగా ఒక్క మనిషిని చూస్తే వస్తుంది. తాను చేయబోయే పని ఏంటో, తాను ఎలా ఉండాలో ఆమెకు అక్కడే స్పష్టమైంది.

ఇంకో సంగతి కూడా జీవిత చరిత్రలు రాసినవాళ్లు చెబుతారు. మిచెల్ నార్మల్ స్కూల్లో ఉండగా ఆమె థామస్ క్లార్క్‌సన్ జీవిత కథ చదివారట. ఇంగ్లండ్‌లో బానిస వ్యాపారానికి వ్యతిరేకంగా ఏళ్ల తరబడి పోరాడిన మనిషి ఆయన. ఎక్కడో ఆఫ్రికా నుంచి గొలుసులు వేసి తీసుకెళ్లిన మనుషుల కథ చదువుతుంటే, తన ఊళ్లో బావి దగ్గరికి కూడా రానివ్వని మహార్, మాంగ్ కులాలవాళ్లు గుర్తుకు రాకుండా ఎలా ఉంటారు?

17 ఏళ్ల టీచర్

1848లో పుణె బుధవార్ పేటలోని భిడేవాడాలో బడి మొదలైంది. తాత్యాసాహెబ్ భిడే తన ఇంట్లో చోటు ఇచ్చారు. భారతీయులే ఆడపిల్లల కోసం నడిపిన తొలి బడుల్లో ఇది ముఖ్యమైనది. టీచర్ సావిత్రీబాయి. వయసు 17 ఏళ్లు.

చేరిన పిల్లలు పది మంది కూడా లేరు. కానీ చెప్పిన చదువు మాత్రం చిన్నది కాదు. చదవడం, రాయడంతో పాటు వ్యాకరణం, లెక్కలు, భూగోళం ఉండేవి. మ్యాప్ చూడటం కూడా నేర్పేవారు. గడప దాటనివ్వని పిల్లలకు ప్రపంచ పటం చూపించడం అంటే అప్పట్లో ఎంత పెద్ద విషయమో ఊహించుకోవచ్చు.

వీధిలో పేడ, మట్టిగడ్డలు మొదలైంది ఇక్కడి నుంచే. తిట్టినవాళ్లలో మగవాళ్లే కాదు, ఆడవాళ్లూ ఉన్నారు.

ఇంట్లో నుంచి బయటకు

వీధి గొడవ ఇంటిదాకా వచ్చింది. మామగారు గోవిందరావు మీద కులపెద్దల ఒత్తిడి పెరిగింది. కొడుకూ కోడలూ బడి మానేయాలి, లేదంటే ఇల్లు వదిలి వెళ్లాలి అని ఆయన తేల్చి చెప్పారు. 1849లో ఇద్దరూ కట్టుబట్టలతో బయటకు వచ్చేశారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. ఆ రోజుల్లో అత్తారింటి నుంచి బయటకు వస్తే ఆడమనిషికి నిలువ నీడ ఉండదు. బడి మానేస్తానంటే చాలు, అన్నీ సర్దుకునేవి. అలా అనడానికి ఆమెకు 18 ఏళ్ల వయసే పెద్ద సాకు. కానీ అనలేదు.

ఆ కష్టకాలంలో ఉస్మాన్ షేక్ వీళ్లకు ఆశ్రయం ఇచ్చారని చెబుతారు. ఆయన ఇంటి ఆడపడుచు ఫాతిమా షేక్ సావిత్రీబాయితో కలిసి బడి పనిలో నిలబడ్డారు. 1856లో సావిత్రీబాయి భర్తకు రాసిన ఉత్తరంలో ఫాతిమా ప్రస్తావన ఉంది. తాను లేనప్పుడు పనంతా ఆమె మీదే పడుతోందని, అయినా విసుక్కోదని రాశారు.

డబ్బు లేక మొదటి బడి కొన్నాళ్లు ఆగిపోయింది. అక్కడితో అయిపోయింది అనుకున్నారు చాలామంది. కానీ 1851 జూలైలో బుధవార్ పేటలోని చిప్లూణ్కర్ వాడాలో మళ్లీ ఆడపిల్లల బడి తెరుచుకుంది. సెప్టెంబర్‌లో రాస్తా పేటలో ఇంకోటి, 1852 మార్చిలో వేతాళ్ పేటలో మరోటి. మహార్, మాంగ్ పిల్లల కోసం కూడా విడిగా బడులు పెట్టారు. ఈసారి ఒక్క మనిషి మీద ఆధారపడకుండా కమిటీ వేసి, చందాలు పోగుచేసి నడిపారు.

1852 నవంబర్ 16న పుణె విశ్రాంబాగ్ వాడాలో బ్రిటిష్ ప్రభుత్వం జోతీరావుని శాలువాతో సన్మానించింది. మరుసటి ఏడాది ఈ బడుల పిల్లలకు అందరి ముందూ పరీక్ష పెడితే చూడ్డానికి వేలాది మంది వచ్చారు. నాలుగేళ్ల కింద పేడ విసిరిన ఊరు అదే!

స్టూడెంట్ రాసిన వ్యాసం.. ఊరంతా చర్చ

టీచర్ గొప్పతనం ఎక్కడ తెలుస్తుంది? సన్మానాల్లో కాదు, పిల్లల్లో. 1855లో ఫూలే దంపతుల బడిలో చదివిన ముక్తా సాళ్వే అనే మాంగ్ కులపు అమ్మాయి ఒక వ్యాసం రాసింది. మాంగ్, మహార్ కులాల కష్టాల గురించి. తమకు అసలు ఏ మతం ఉందని నిలదీసింది. తమవాళ్ల ఆడవాళ్లు పురిటి సమయంలో పడే యాతన గురించి రాసింది. మన దేశంలో దళిత స్త్రీ రాసిన తొలి రచనల్లో ఒకటిగా ఈ వ్యాసాన్ని ఇప్పటికీ చెప్పుకుంటారు.

అది అచ్చయింది జ్ఞానోదయ అనే పత్రికలో. అమెరికన్ మిషనరీలు 1842లో మొదలుపెట్టిన ఆ పత్రిక పుట్టింది ఎక్కడో తెలుసా? సావిత్రీబాయి ట్రైనింగ్ తీసుకున్న అహ్మద్‌నగర్‌లోనే. ఆమె అక్కడి నుంచి తెచ్చుకున్న చదువు, కొన్నేళ్లకు ఒక మాంగ్ పిల్ల రాతగా ఆ పత్రికకే చేరింది.

సావిత్రీబాయి కూడా కలం పట్టారు. 1854లో ఆమె కవితల పుస్తకం కావ్యఫూలే వచ్చింది. అప్పటికి ఆమెకు 23 ఏళ్లు. పిల్లల్ని చదువుకోమని పిలిచే కవితలూ అందులో ఉన్నాయి.

సోదరుడితో వాదన

1856లో సావిత్రీబాయి జబ్బుపడి నాయ్‌గావ్‌లోని పుట్టింటికి వెళ్లారు. అక్కడ సోదరుడు నిలదీశాడు. మహార్, మాంగ్ పిల్లలకు చదువు చెప్పి కులం పరువు తీస్తున్నారన్నది అతని కోపం. జబ్బుతో మంచం మీదున్న మనిషి ఊరుకుని ఉంటే సరిపోయేది. ఆమె ఊరుకోలేదు. ఆవునీ మేకనీ ముద్దు చేస్తావు, పాముకి పాలు పోస్తావు, సాటి మనిషిని మాత్రం ముట్టుకోనంటావా అని అడిగారు. సోదరుడి దగ్గర జవాబు లేకపోయింది. ఈ సంగతంతా ఆమే భర్తకు ఉత్తరం రాశారు.

1868లో రాసిన మరో ఉత్తరంలో ఇంకా పెద్ద సంఘటన ఉంది. ఒక బ్రాహ్మణ యువకుడు, ఒక మహార్ అమ్మాయి ప్రేమించుకున్నారు. ఊరివాళ్లు వాళ్లిద్దర్నీ వీధుల్లో తిప్పుతూ చంపడానికి తీసుకెళ్తున్నారు. సావిత్రీబాయి అడ్డం వెళ్లారు. చంపితే బ్రిటిష్ చట్టం ప్రకారం శిక్ష తప్పదని గుంపుని హెచ్చరించారు. ఇద్దర్నీ బతికించి, పుణెలో ఉన్న భర్త దగ్గరికి పంపారు.

బడి గోడలు దాటి..

క్లాస్‌రూమ్‌లో మొదలైన పని అక్కడే ఆగలేదు. చిన్న వయసులో భర్త పోయి, మోసపోయి గర్భం దాల్చిన వితంతువులు ఆ రోజుల్లో ప్రాణాలు తీసుకునేవారు, లేదంటే బిడ్డను చంపుకునేవారు. అలాంటివాళ్లు రహస్యంగా వచ్చి పురుడు పోసుకోవడానికి ఫూలే దంపతులు తమ దగ్గరే చోటు ఏర్పాటు చేశారు. అక్కడ కాశీబాయి అనే వితంతువు కన్న బిడ్డనే పిల్లలు లేని సావిత్రీబాయి, జోతీరావు 1874లో దత్తత తీసుకున్నారు. పేరు యశ్వంత్. పెరిగి డాక్టర్ అయ్యాడు.

1868లో తమ ఇంటి దగ్గరి నీళ్లు అంటరానివాళ్లంటూ దూరం పెట్టినవాళ్లందరికీ తెరిచారు. 1873 సెప్టెంబర్ 24న సత్యశోధక సమాజం మొదలైంది. పురోహితుడు లేకుండా, కట్నం లేకుండా పెళ్లిళ్లు జరిపించారు. 1877 కరువులో సావిత్రీబాయి జున్నర్ ప్రాంతంలో తిరిగి, ఆకలితో ఉన్నవాళ్లకు సాయం అందించే పనిలో ఉన్నారు.

1890 నవంబర్ 28న జోతీరావు కన్నుమూశారు. అంతిమయాత్రలో కుండ ఎవరు పట్టుకోవాలన్న దగ్గర బంధువులు పేచీ పెట్టారు. దత్తపుత్రుడికి ఆ హక్కు లేదన్నది వాళ్ల వాదన. సావిత్రీబాయి మాట్లాడలేదు. ముందుకు వచ్చి ఆ కుండ తానే పట్టుకుని నడిచారు. స్త్రీలు శ్మశానానికే రాకూడదనే రోజుల్లో!

చివరి పాఠం

1897 మొదట్లో పుణెని ప్లేగు చుట్టేసింది. జనం ఊళ్లు ఖాళీ చేసి పారిపోతున్నారు. రోగి ఉన్న ఇంటివైపు చూడ్డానికే భయం. డాక్టర్ యశ్వంత్ హడప్సర్ దగ్గర ఊరి బయట రోగుల కోసం ఆసుపత్రి తెరిచారు. సావిత్రీబాయి వయసు అప్పటికి 66. అయినా రోగుల్ని స్వయంగా అక్కడికి చేర్చే పనిలో దిగారు.

ముంఢ్వాలో పాండురంగ్ అనే మహార్ కులపు పిల్లాడికి ప్లేగు సోకిందని తెలిసింది. ఆ పిల్లాడిని వీపున వేసుకుని ఆసుపత్రికి మోసుకొచ్చారు. పిల్లాడు బతికాడు. ఆమెకు ప్లేగు అంటుకుంది. 1897 మార్చి 10న సావిత్రీబాయి కన్నుమూశారు.

ఏ పిల్లల్ని ముట్టుకుంటే మైల అని జనం అన్నారో, 17 ఏళ్ల వయసులో ఆ పిల్లల చెయ్యి పట్టుకుని అక్షరాలు దిద్దించడానికి సిద్ధపడ్డారు. దాదాపు యాభై ఏళ్ల తర్వాత అలాంటి ఇంటి పిల్లాడినే వీపున మోస్తూ ప్రాణం వదిలారు. మధ్యలో దారి మారలేదు.

తెలుగు నేలపై..

కందుకూరి వీరేశలింగం ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టింది 1874లో. భిడేవాడా బడికి 26 ఏళ్ల తర్వాత. తెలుగునాట ఆడపిల్లల చదువు కోసం ఆయన పడ్డ తిట్లు, ఎదుర్కొన్న వెలి గురించి తెలిసినవాళ్లకు, అంతకు పాతికేళ్ల ముందే పుణెలో ఒక అమ్మాయి ఎంత తట్టుకుందో తేలిగ్గానే అర్థమవుతుంది.

సావిత్రీబాయి పుట్టినరోజు జనవరి 3ని మహిళా టీచర్ల దినోత్సవంగా జరపాలని తెలంగాణ ప్రభుత్వం 2025లో నిర్ణయించింది. పుణె యూనివర్సిటీకి 2014లోనే ఆమె పేరు పెట్టారు. పాడుబడిన భిడేవాడాను 2023 డిసెంబర్‌లో తొలగించారు, అక్కడ స్మారకం కట్టాలన్నది ప్రణాళిక.

ఇప్పుడు డీఎడ్, బీఎడ్ చేస్తూ డీఎస్సీ నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తున్న అమ్మాయిలు మన రెండు రాష్ట్రాల్లో ఎంతోమంది ఉన్నారు. ఈ చదువు చదివి ఏం లాభం, ఉద్యోగం వచ్చేనా అన్న దిగులు సహజం. సావిత్రీబాయి ట్రైనింగ్‌కి వెళ్లినప్పుడు ఏ నోటిఫికేషనూ లేదు. పోస్టు లేదు, చివరికి బడే లేదు. ఎవరికి పాఠం చెప్పాలో మాత్రం తెలుసు. ఆ పిల్లల కోసమే ఆమె ట్రైనింగ్ పూర్తి చేశారు. బడి తర్వాత వచ్చింది.